పదహారో రోజున పిండం పంపే కబురు

ఎదలో ఉన్న గేదెకు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తరువాత ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో అది మళ్లీ ఎదకు వస్తే చూలు నిలవలేదని ప్రతి పాడిరైతుకూ తెలుసు. రాకపోతే చూడి కట్టిందని ఆశ పెట్టుకుంటారు. ఒక పాఠకుడు దీని గురించే చక్కని ప్రశ్న అడిగారు. అప్పటికి కడుపులో ఉన్నది రూపమైనా తీరని పిండం, అది గర్భాశయం గోడకు ఇంకా గట్టిగా అతుక్కోనైనా లేదు. మరి అది ఉన్నదని తల్లి శరీరానికి ఎలా తెలుస్తుంది, ఎద ఎలా ఆగిపోతుంది?

ఈ ప్రశ్న వెంట పడినవారిలో నాకు అందరికన్నా ఇష్టమైన వ్యక్తి ఎల్. ఇ. ఎ. రౌసన్. ఆయన కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన ఇంగ్లండు పశువైద్యుడు. ఆయన పేరు ఎక్కువగా పిండమార్పిడి విషయంలో వినిపిస్తుంది. గొర్రె పిండాలను కుందేలు అండవాహికలో ఉంచి విమానంలో దక్షిణాఫ్రికాకు పంపి, అక్కడి గొర్రెలకు పిల్లలు పుట్టించిన ప్రయోగం 1962లో వెలువడింది; అందులో ఆయన భాగస్వామి. 1973లో ఇయన్ విల్ముట్‌తో కలిసి, గడ్డకట్టించి నిల్వచేసిన పిండం నుంచి దూడను పుట్టించారు. అవి పత్రికలకెక్కిన పనులు. నా దృష్టిలో వాటికన్నా లోతైనవి 1966 ప్రాంతంలో ఆర్. ఎం. మూర్‌తో కలిసి ఆయన గొర్రెల మీద చేసిన ప్రయోగాలు.

అండం విడుదలైన చోట అండాశయం మీద కార్పస్ లూటియం అనే గ్రంథి ఏర్పడి ప్రొజెస్టిరోన్ హార్మోనును స్రవిస్తుంది. ఆ గ్రంథి బతికి ఉన్నంతకాలం పశువు ఎదకు రాదు. కాబట్టి చూలు లేని పశువులో ఆ గ్రంథిని చంపేది ఏది అన్నదే అసలు ప్రశ్న. 1923లో లియో లోబ్ గినీపందుల నుంచి గర్భాశయాన్ని తీసివేసి చూస్తే కార్పస్ లూటియం చావకుండా నిలిచిపోయింది. 1956లో విల్ట్‌బ్యాంక్, కసీడా ఆవులలోనూ గొర్రెలలోనూ ఇదే చూపించారు. దూడను మోయవలసిన గర్భాశయమే, దూడ లేనప్పుడు ఆ గ్రంథిని చంపుతున్నదన్నమాట.

అది ఎలా చంపుతుందన్న దగ్గర విషయం మరింత విచిత్రమవుతుంది. పశువు గర్భాశయానికి రెండు కొమ్ములుంటాయి. కార్పస్ లూటియం ఏ పక్క అండాశయం మీద ఉన్నదో ఆ పక్క కొమ్మును తీసివేస్తే గ్రంథి బతుకుతుంది. రెండో పక్క కొమ్మును తీసివేస్తే మామూలు సమయానికే చనిపోతుంది. మూర్, రౌసన్ ఇంకొక అడుగు వేసి, పిండాన్ని ఒక్కొక్క కొమ్ములో వేరుగా బంధించి చూశారు. గ్రంథి ఉన్న పక్కనే పిండం ఉంటేనే గ్రంథి నిలిచింది. ఒంటినిండా తిరిగే రక్తంలో కలిసిపోయే హార్మోను అయితే కుడి ఎడమల తేడా ఉండకూడదు. కాబట్టి గర్భాశయం నుంచి అండాశయానికి వేరే దారి ఏదో ఉండాలి.

ఆ దారిని 1970ల మొదట్లో మెక్రాకెన్ బృందం గొర్రెలలో చూపించింది. చంపే పదార్థం ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా. ఇది గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరితే ఒక్క చుట్టులోనే చాలా భాగం నాశనమైపోతుంది. అయితే గర్భాశయం నుంచి రక్తాన్ని తీసుకుపోయే సిర గోడను అంటిపెట్టుకుని అండాశయ ధమని, పందిరి గుంజకు చుట్టుకున్న చిక్కుడుతీగలాగా మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. తీగ ఎన్ని మెలికలు తిరిగితే గుంజను అంత ఎక్కువ మేర తాకుతుంది. ఇక్కడా అంతే, ధమని ఎంత చుట్టుకుంటే సిరకు అంత ఎక్కువ మేర ఆనుకుంటుంది. ఆనుకున్న చోట గోడలు పలచగా ఉంటాయి. సిరలో గాఢంగా ఉన్న ప్రోస్టాగ్లాండిన్ ఆ గోడల గుండా ధమనిలోకి ఊరి, ఊపిరితిత్తుల ముఖం చూడకుండానే అండాశయానికి చేరిపోతుంది. శస్త్రచికిత్సతో ధమనిని సిర నుంచి విడదీస్తే గ్రంథి చావదు. తీగను గుంజ నుంచి విప్పి దూరంగా పట్టుకున్నట్టే. చాలా పాఠ్యపుస్తకాల బొమ్మల్లో గర్భాశయమూ అండాశయమూ ఉంటాయి గాని ఈ రక్తనాళాల అల్లిక ఉండదు. పిల్లలకు దాన్ని గీసి చూపించాలని నా కోరిక.

ఇక పిండం సంగతి. గొర్రెకు ఎదచక్రం 16, 17 రోజులు. 12వ రోజు లోపల పిండాన్ని తీసివేస్తే గొర్రె మామూలుగానే ఎదకు వచ్చింది. 13వ రోజు తరువాత తీసివేస్తే, పిండం లేకపోయినా కార్పస్ లూటియం అదనంగా నిలిచింది. అంటే ఆ రెండు రోజుల మధ్య పిండం చెప్పవలసింది చెప్పేసింది. 1967లో రౌసన్, మూర్ 14, 15 రోజుల గొర్రె పిండాలను నూరి, ఆ రసాన్ని చూలు లేని గొర్రెల గర్భాశయంలోకి ఎక్కించారు, గ్రంథి నిలిచింది. రసాన్ని వేడిచేస్తే గుణం పోయింది కనుక అది ప్రోటీను అయి ఉండాలి. 1980లలో ఆ ప్రోటీనును వేరుచేశారు. 1987లో దాని నిర్మాణం చూస్తే, వైరస్‌లను ఎదుర్కొనే ఇంటర్‌ఫెరాన్ల కుటుంబానికి చెందినదని తేలి అందరూ విస్తుపోయారు. నెమరువేసే జంతువులకే ప్రత్యేకమైన దీన్ని ఇప్పుడు ఇంటర్‌ఫెరాన్ టౌ అంటున్నారు. ఇది గర్భాశయం లోపలి పొరలో ఈస్ట్రోజెన్ గ్రాహకాలను (ఆ హార్మోనును అందుకునే అణువులను), వాటి ద్వారా ఆక్సిటోసిన్ గ్రాహకాలను పెరగనివ్వదు, ప్రోస్టాగ్లాండిన్‌ను విడుదల చేయించే ఆక్సిటోసిన్ హార్మోను వచ్చి తాకినా ప్రోస్టాగ్లాండిన్ దఫదఫాలుగా ఎగసిపడదు, గ్రంథి బతుకుతుంది. మనుషులలో పద్ధతి వేరు: మానవ పిండం హెచ్‌సీజీ హార్మోనును రక్తంలోకి పంపి గ్రంథిని నేరుగా పోషిస్తుంది, గర్భాశయానికి ఆ పనిలో జోక్యం లేదు. పశువుల పిండం ప్రధానంగా ఆ గ్రంథిని చంపబోయే గర్భాశయాన్ని ఆపుతుంది.

ఆవులలో ఈ గడువు 16వ రోజు ప్రాంతం. అంతకు కొద్ది రోజుల ముందు వరకు కొన్ని మిల్లీమీటర్లే ఉన్న పిండం ఆ సమయానికి వేగంగా సాగి సెంటీమీటర్ల పొడవవుతుంది. ఎంత సాగితే అంత ఇంటర్‌ఫెరాన్ తయారుచేస్తుంది. ఎండదెబ్బకు గురైన పశువుల్లో ఈ ఎదుగుదల కుంటుపడుతుంది. బతికే ఉన్న పిండం కూడా గడువుకు కబురు అందించలేకపోతే పోతుంది. దీన్ని దిష్టి తగిలిందని సరిపెట్టుకుని నిమ్మకాయలు తిప్పేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే నీడా నీళ్లూ ఇక్కడ నిజంగా పనికివచ్చే చికిత్స.

తేదీ రాసిపెట్టుకునే రైతుకు ఇది మరొక సంగతి చెబుతుంది. పశువు 21వ రోజు ప్రాంతంలో తిరిగి పొర్లితే (మళ్లీ ఎదకు వస్తే), అండం ఫలదీకరణం చెందకపోయి ఉండాలి, లేదా పిండం కబురు పంపకముందే పోయి ఉండాలి. ముప్పై రోజుల ప్రాంతంలో పొర్లితే, కబురు అందించిన తరువాత పిండం చనిపోయిందని అనుమానించాలి. గేదెల్లో మూగ ఎద ఎక్కువ కనుక, నలభై రెండు రోజులకు ఎద కనిపిస్తే మధ్యలో ఒక ఎదను మనం గమనించలేదేమో కూడా చూడాలి. రౌసన్ బృందమే 1972లో ప్రోస్టాగ్లాండిన్‌తో ఆవులను ఒకేసారి ఎదకు తెచ్చే పద్ధతిని ప్రకటించింది. నేడు మన పశువైద్యులు ఎద కోసం వాడే మందు ఈ కోవదే. ఎద వచ్చిన తరువాత మొదటి అయిదు రోజుల లేత గ్రంథి మీద అది పనిచేయదు. చూడి పశువుకు వేస్తే మాత్రం పిండం ఆపించిన పనినే అది జరిపించి గర్భం పోయేలా చేస్తుంది. అందుకే ఆ ఇంజెక్షన్‌కు ముందు చూడి పరీక్ష తప్పనిసరి.