గొంతు ఒక్కటే చాలదు: రేడియో, టీవీ చదువుపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో రేడియో, టీవీ డిప్లొమా విద్యార్థులకు స్టూడియో పని నేర్పుతుంటాను. ప్రవేశాల రోజుల్లో మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువమందేమీ ఉండరు. ఉన్నవారిలో చాలామంది మాత్రం ఒకే మాటతో మొదలుపెడతారు: "మా అమ్మాయి గొంతు చాలా బాగుంటుంది సార్." ఆ తర్వాత ఏమి అడగబోతున్నారో నాకు ముందే తెలిసిపోతుంది.

అపోహ: గొంతు బాగుంటే రేడియో, ముఖం బాగుంటే టీవీ. మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: పిల్లల డబ్బును, ఏళ్లను అన్నిటికంటే ఎక్కువగా మింగేస్తున్నది ఈ నమ్మకమే. టీవీ బులెటిన్‌లో మీకు కనిపించేది ఒక్క యాంకర్. కనిపించనివారు ఎందరో. రన్‌డౌన్ (ఏ వార్త తర్వాత ఏది అన్న వరుస) వేసేవారు, డెస్క్‌లో కాపీ రాసేవారు, దృశ్యాల వెనక గొంతు (వాయిస్ ఓవర్) చెప్పేవారు, వార్తా కథనం (ప్యాకేజీ) కట్ చేసే ఎడిటర్, పీసీఆర్ అనే కంట్రోల్ గదిలో కెమెరా దృశ్యాలు మార్చే స్విచర్ ముందు ఒకరు, శబ్దాలను సరిచూసే ఆడియో కన్సోల్ ముందు మరొకరు, గ్రాఫిక్స్ వేసేవారు, యాంకర్ చూసి చదివే తెర (ప్రాంప్టర్) నడిపేవారు. చేరే పిల్లలందరూ మాత్రం ఆ ఒక్క యాంకర్ కుర్చీకే ఎగబడతారు. అది దక్కకపోతే "ఈ రంగం నాకు పనికిరాదు" అని బీఈడీకో, బ్యాంకు పరీక్షల కోచింగుకో వెళ్లిపోతారు. మిగతా కుర్చీల సంగతి వారికి ఎవరూ చెప్పలేదు మరి.

పత్తి మంచిదైనంత మాత్రాన వరంగల్ కొత్తవాడలో జంపఖానా దానంతట అదే తయారవదు కదా! గొంతూ అంతే. మైకుకు జానెడు దూరంలో కూర్చోవడం, ప, బ, ఫ పలికినప్పుడు గాలి నేరుగా మైకుకు తగలకుండా ముఖం కాస్త పక్కకు తిప్పడం, శబ్దం ఎంతుందో చూపే మీటరు ఎరుపులోకి పోకుండా చూసుకోవడం, ఇవన్నీ నేర్చుకుంటేనే వస్తాయి. వీటికన్నా కష్టమైనది వినేవారి కోసం రాయడం. "యార్డుకు 48,730 బస్తాల మిర్చి వచ్చింది" అని పత్రికలో రాయవచ్చు. రేడియోలో "దాదాపు యాభై వేల బస్తాలు" అనాలి. వినేవారికి వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకునే వీలు లేదు. మంచి గొంతున్న పిల్లలే ఈ రాతపని దగ్గర ఎక్కువగా బద్ధకిస్తారు. ఇది నా అనుభవం.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి అనౌన్సర్ ఆడిషన్‌లో తప్పి, కోర్సు మానేస్తానన్నాడు. గొంతు నిజంగానే బొంగురు. పోయేముందు ఇదొకటి చేసిపెట్టమని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు రికార్డింగుకు పంపాను. మిర్చి ఘాటుకు తాను దగ్గుతున్నాడు, రైతు దగ్గుతున్నాడు, హమాలీల కేకలు, ఆటో హారన్లు. ఇంకొకరైతే దగ్గులన్నీ తీసేసి చప్పగా తెచ్చేవారు. అతను రైతు దగ్గు ఒక్కటి మాత్రం ముందు ఉంచి, దాని వెనకే "ఈ రేటుకు అమ్ముకునేకన్నా..." అన్న మాట పెట్టాడు. విన్నవాళ్లం మార్కెట్లో నిలబడినట్టే అనిపించింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఛానల్‌లో ఆడియో చూస్తున్నాడు. గొంతు ఇంకా బొంగురే.

ఇక "నెలలో యాంకర్‌ను చేస్తాం, ఉద్యోగం గ్యారంటీ" అనే బోర్డుల సంగతి. అక్కడ మేకప్ వేసి, ప్రాంప్టర్ చూసి చదివించి, ఒక వీడియో చేతిలో పెడతారు. లైవ్‌లో ప్రాంప్టర్ ఆగిపోతే ఏమి చేయాలో చెప్పరు. ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒక్కో విద్యార్థికి కన్సోల్ మీద వారానికి ఎన్ని గంటలు ఇస్తారు? ఎడిటింగ్ విద్యార్థే చేస్తాడా, పక్కన నిలబడి చూస్తాడా? నిరుటి బ్యాచ్‌లో ఇద్దరితో ఫోనులో మాట్లాడిస్తారా? మూడో ప్రశ్నకు మాట మారిస్తే డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి వెళ్లండి. మా కాలేజీకి వచ్చినా ఇవే అడగండి, నొచ్చుకోను.

అపోహ: తెలంగాణ యాసతో మైకు ముందుకు వెళ్లకూడదు.

భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ భయంతో మొదటి వారమంతా నోరు తెరవలేదు. యాస వేరు, ఉచ్చారణ దోషం వేరు. ళను లగా, ణను నగా పలికితే దిద్దుతాం. యాసను ఎవరూ తుడిచేయరు. బులెటిన్ చదివేటప్పుడు బులెటిన్ భాష, ఊళ్లో రైతుతో మాట్లాడేటప్పుడు ఊరి భాష. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోలో దళిత మహిళలు తమ మాటలోనే కార్యక్రమాలు చేస్తున్నారు. వారినెవరూ యాస మార్చుకోమనలేదు.

అపోహ: వరంగల్‌లో ఆకాశవాణి ఉంది కాబట్టి డిప్లొమా చేతికి రాగానే అందులో ఉద్యోగం.

కాదు. క్యాజువల్ అనౌన్సర్‌గా (అవసరమైనప్పుడు పిలిచే తాత్కాలిక అనౌన్సర్‌గా) ఆడిషన్ నెగ్గినా నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు, పర్మనెంట్ చేస్తారన్న హామీ ఉండదు. అనుభవానికి బంగారంలాంటి చోటు, జీతానికి మాత్రం కాదు.

అపోహ: కాలేజీకి కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల వారికోసం నడిపే చిన్న స్టేషను) ఉంటే పిల్లలు వార్తలు చదవవచ్చు.

సొంత వార్తలకు అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు ప్రసారం చేసుకోవచ్చు. ప్రైవేటు ఎఫ్ఎంలకూ ఇదే నిబంధన.

   

లక్ష రూపాయల మైకు కొనాలా అని అడిగేవారికి: వద్దు. ఫోను చాలు. ప్రవేశానికి వచ్చేటప్పుడు మీ వీధిలో ఎవరితోనైనా మాట్లాడి, మూడు నిమిషాలకు మీరే ఎడిట్ చేసిన రికార్డింగు తీసుకురండి. తలుపులు వేసి, నాలుగు దుప్పట్లు వేలాడదీసిన గదిలో రికార్డు చేస్తే ఇంకా మంచిది. సీలింగ్ ఫ్యాను మాత్రం ఆపండి, దయచేసి.