డబ్బా మీద పేరు ఒకటే, లోపల బొమ్మ వేరు: జర్మన్ క్లాసిక్ డిస్కుల మీద అపోహలు - వాస్తవాలు

బెర్లిన్‌లో ఆదివారం పూట మావర్‌పార్క్ దగ్గర పాత సామాన్ల సంత జరుగుతుంది. పింగాణీ కప్పులు, తుప్పు పట్టిన సైకిళ్ళు, పాత కెమెరాల మధ్య ఎక్కడో ఒకచోట అరటిపళ్ళ అట్టపెట్టె నిండా డీవీడీలు కనపడతాయి. ఒకసారి అలాంటి పెట్టెలోనే జర్మన్ దర్శకుడు ముర్నౌ తీసిన మూకీ పిశాచాల సినిమా 'నోస్ఫెరాటు' (1922) మూడు డిస్కులు దొరికాయి. ఒకదాని వెనక 94 నిమిషాలు అని ఉంది. మిగతా రెండింటి మీదా అంతకంటే బాగా తక్కువ. మూడూ కొని, ఆ రాత్రే మూడూ వేసి చూశాను. పేరొకటే గానీ, చూసిన బొమ్మలు మూడు.

పదహారేళ్ళుగా ఇక్కడుంటూ ఈ డిస్కులు పోగేస్తున్నాను. ఇక్కడి తెలుగు పిల్లలు, హైదరాబాద్, విశాఖ నుంచి ఫోన్ చేసే సినిమా పిచ్చోళ్ళు అందరూ అడిగేది "ఏ సినిమాలు కొనమంటారు?" అని. ఆ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. కొనే ముందు అడగాల్సింది మాత్రం ఇంకోటి ఉంది: ఈ డిస్కు ఏ ప్రింటు నుంచి తీశారు? ఆ ఒక్కటీ అడగకపోవడం వల్లే కింద రాసిన అపోహలన్నీ పుట్టాయి.

అపోహ: మూకీ సినిమా అంటే నలుపు తెలుపే. రంగు కనపడితే ఎవరో తర్వాత పూసినట్టే.

అప్పట్లో విడుదలైన మూకీల్లో చాలా వాటికి ప్రింటునే రంగు ద్రావణంలో ముంచేవాళ్ళు. రాత్రికి నీలం, దీపాల వెలుగున్న గదికి పసుపు, తెల్లవారుజాముకి గులాబీ ఛాయ. 2010లో మన 'మాయాబజార్'కి కంప్యూటర్‌లో వేసిన రంగుల లాంటివి కావివి. సినిమా పుట్టిన రోజు నుంచే దాని ఒంటి మీదున్న రంగు.

ఆ రంగు పోతే ఏమవుతుందో 'నోస్ఫెరాటు'లోనే చూడండి. అందులోని పిశాచం కౌంట్ ఓర్లోక్ తన శవపేటికని తనే చంకలో పెట్టుకుని ఊరి వీధుల్లో నడిచి వెళ్తాడు. వట్టి నలుపు తెలుపు డిస్కులో అది పట్టపగలు. గోడల మీద ఎండ, నేల మీద నీడ. ఎండ తగిలితే చచ్చిపోయే పిశాచం పగలెలా తిరుగుతోందని చూసేవాడికి అనుమానం వస్తుంది. ముర్నౌకి తెలివి లేక కాదు. అప్పటి ఫిల్ముతో రాత్రిపూట వీధిలో తీయడం కుదరదు కాబట్టి పగలు తీసి, ప్రింటుకి నీలం వేసి రాత్రి చేశారు. ఆ నీలం పోయిన ప్రింటులో కథే తలకిందులవుతుంది. 2006 పునరుద్ధరణకి పారిస్‌లో భద్రంగా మిగిలిన 1922 నాటి రంగుల ఫ్రెంచ్ ప్రింటు ఆధారమైంది. ఆ డిస్కులో అదే వీధి నీలంగా కనపడుతుంది. నేను తలుపు గడియ ఒకసారి చూసుకుని వచ్చింది ఆ ప్రతి చూస్తున్నప్పుడే.

అసలు ఈ సినిమా మిగలడమే ఆశ్చర్యం. డ్రాక్యులా నవల హక్కులు కొనకుండా తీశారని రచయిత భార్య ఫ్లారెన్స్ స్టోకర్ దావా వేస్తే, ప్రింటులన్నీ నాశనం చెయ్యాలని 1925లో జర్మన్ కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే దేశం దాటిన ప్రింటులు బతికాయి. అవి ఒక్కో దేశంలో ఒక్కో రకంగా కోతపడ్డాయి. సంతలో నాకు దొరికిన మూడు నిడివులకీ ఇదొక కారణం.

అపోహ: వందేళ్ళ నాటి సినిమా, ఎవరు వేసిన డిస్కైనా ఒకటే.

ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపోలిస్' 1927 జనవరి 10న బెర్లిన్‌లో మొదటిసారి పడినప్పుడు 4,189 మీటర్లు, అంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన రెండున్నర గంటల పైమాటే. కొన్ని నెలల్లోనే దాన్ని ఇష్టమొచ్చినట్టు కోశారు. చవక డిస్కులన్నీ ఆ కోసిన ప్రింటుల నకళ్ళకి నకళ్ళు. ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉంటాయి, మధ్యలో ఎవరు ఎవరి వెంట ఎందుకు పడుతున్నారో బోధపడదు.

2008లో బ్యూనస్ ఐరిస్ సినిమా మ్యూజియంలో దీని సన్నటి 16 ఎం.ఎం. నెగటివ్ ఒకటి బయటపడింది. దాదాపు 25 నిమిషాల కొత్త బొమ్మ. 2010 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో దాన్ని కలిపి చూపించారు. ఈ సినిమా కొంటే 2010 తర్వాతి డిస్కే కొనండి. అందులో అక్కడక్కడా వాన కురుస్తున్నట్టు గీతలతో, పైనా పక్కనా నల్లటి అంచుతో చిన్నదైన బొమ్మ వస్తుంది. డిస్కు చెడిపోయిందని చాలామంది వెనక్కి పంపేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అరిగిపోయిన 35 ఎం.ఎం. ప్రింటు నుంచి 16 ఎం.ఎం.కి దింపినప్పుడు ఫ్రేము అంచు తెగిపోయింది, గీతలు నెగటివ్‌లోనే అచ్చు పడిపోయాయి. పునరుద్ధరించినవాళ్ళు దాన్ని సాగదీసి దాచకుండా, పోయినంత మేరా నల్లగా వదిలేశారు. ఆ నల్ల అంచు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఇంకా దొరకని రెండు ఘట్టాలున్నాయి, అక్కడ కథ చెప్పే అక్షరాలు మాత్రమే తెర మీదికి వస్తాయి.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో నెగటివ్ నుంచి నెగటివ్‌కి నకలు తీసే ఫిల్ము నాణ్యత సరిపోయేది కాదు. అందుకని స్వదేశానికొకటి, ఎగుమతికొకటి అంటూ పక్కపక్కన కెమెరాలు పెట్టో, వేరే టేకులతోనో రెండు మూడు నెగటివ్‌లు తయారుచేసేవాళ్ళు. ముర్నౌ 'ఫౌస్ట్' (1926) ఎగుమతి ప్రతిలో మంచి టేకుల బదులు రెండో రకం టేకులు వెళ్ళాయి. కాబట్టి రెండు డిస్కుల్లో నటుడి చెయ్యి వేర్వేరు చోట్ల కనపడితే మీ కళ్ళు మోసం చెయ్యలేదు.

అపోహ: నిడివి నాలుగు నిమిషాలు తక్కువుంది, ఏదో కోసేశారు.

టాకీ సినిమా నడిచేది సెకనుకి 24 ఫ్రేములు, జర్మన్ డీవీడీ నడిచేది 25. కోత లేకుండానే 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది. గొంతులు కూడా రవ్వంత సన్నబడతాయి. సంగీతం తెలిసినవాళ్ళు పట్టేస్తారు. బ్లూ-రేలో చాలావరకు ఈ గొడవ లేదు.

అపోహ: తెర నిండా వస్తేనే పూర్తి బొమ్మ.

లాంగ్ తీసిన 'ఎమ్' (1931) ఇంచుమించు చదరంగా ఉంటుంది, వెడల్పు ఎత్తుకి 1.19 రెట్లే. టాకీలు వచ్చిన కొత్తలో శబ్దం కోసం ఫ్రేము పక్కన ఒక పట్టీ వదలాల్సి రావడంతో బొమ్మ అలా ఇరుకైంది. పాత డిస్కులు దాన్ని టీవీ కొలతకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేశాయి. తలలు తెగుతాయి. ఆ సినిమాలో వీధి, మెట్లు, పైకప్పు అన్నీ మనిషిని మీద పడి నొక్కుతున్నట్టు కూర్చిన ఫ్రేములు. పైన కోస్తే ఆ బరువే దిగిపోతుంది. రెండు పక్కలా నల్లటి స్తంభాలు కనపడుతున్న డిస్కే సరైనది.

అపోహ: 4కె అంటే నున్నగా మెరవాలి. ఇసక చల్లినట్టు రేణువులు కనపడితే పని సరిగ్గా చెయ్యలేదన్నమాట.

ఆ రేణువులే బొమ్మ. నలుపు తెలుపు ఫిల్ము మీద వెండి రేణువులు, రంగుల ఫిల్ములో వాటి చోట మిగిలిన రంగు చుక్కలు తప్ప ఇంకేమీ లేదు. వాటిని తుడిచేస్తే ముఖాలు మైనం బొమ్మలవుతాయి. అందులోనూ ఫాస్‌బిండర్ టీవీ సీరియల్ 'బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్' (1980) 16 ఎం.ఎం. మీద తీసింది. పదమూడు భాగాలూ ఒక ముగింపూ కలిపి పదిహేను గంటల దాకా ఉంటుంది. టీవీలో వచ్చినప్పుడే ఏమీ కనపడట్లేదు, అంతా చీకటేనని జనం గోల పెట్టారు. 2007లో పునరుద్ధరించిన ప్రతి వచ్చాక ఈసారి వెలుగు ఎక్కువైందని వాదన లేచింది. నేను రెండూ చూశాను. కొత్త ప్రతిలో గది మూలలు, చెమట పట్టిన మొహాలు కనపడతాయి, అది నాకు ఇష్టమే. కానీ ఊపిరాడని ఆ చీకటి కావాలనుకున్నప్పుడు ఇప్పటికీ పాత రికార్డింగే వేస్తాను.

4కె వల్ల నిజంగా మేలు జరిగిన సినిమా వెండర్స్ 1987లో తీసిన దేవదూతల కథ, 'డెర్ హిమ్మెల్ ఊబర్ బెర్లిన్'. అందులో దేవదూతలకి లోకం నలుపు తెలుపు, మనుషులకి రంగులు. రెండూ ఒకే ప్రింటులో రావాలి కాబట్టి నలుపు తెలుపు భాగాన్ని కూడా ల్యాబులో రంగుల ఫిల్ము మీదికే ఎక్కించారు. మెట్టు మెట్టుకీ బొమ్మ పలచబడి, నలుపులో ఏదో ఛాయ కలిసి, థియేటర్‌కి వచ్చేసరికి అసలు నెగటివ్‌కి చాలా తరాల దూరమైపోయింది. 2018లో వచ్చిన పునరుద్ధరణ మళ్ళీ మొదటి నెగటివ్‌ల దగ్గరికే వెళ్ళింది. లైబ్రరీలో చదువుకుంటున్న మనుషుల భుజాల మీద దేవదూతలు చెయ్యేసే ఘట్టం పాత డీవీడీలో ఒకసారి, ఈ డిస్కులో ఒకసారి వేసి చూడండి. కోటు నేత కూడా కనపడుతుంది.

అపోహ: జర్మన్ సినిమా కాబట్టి జర్మన్ ట్రాకే అసలు, మిగతావన్నీ డబ్బింగ్.

హెర్‌జోగ్ 'అగీర్రే' (1972) పెరూ అడవుల్లో తీస్తున్నప్పుడు అక్కడున్నది పలు దేశాల నటులు. సెట్లో మాట్లాడింది ఇంగ్లీషు. జర్మన్ మాటలు తర్వాత స్టూడియోలో చెప్పించారు. ఆ జర్మన్ ట్రాకులో అగీర్రే వేషం వేసిన కిన్‌స్కీ గొంతు కూడా కిన్‌స్కీది కాదు, వేరే నటుడిది. డబ్బింగ్ కళాకారుల గొప్పతనం తెలిసిన మన తెలుగువాళ్ళకి ఇది మింగుడుపడని విషయమేం కాదు. రెండు ట్రాకులూ ఉన్న డిస్కు దొరికితే అది తీసుకోండి.

అపోహ: జర్మన్ సినిమా జర్మనీలో కొంటే అన్నిటికన్నా మంచిది.

మా మేనత్త కొడుకు కాకినాడలో ఉంటాడు. వాడికి ఒకసారి ఇక్కణ్ణుంచి ఆరు డీవీడీలు పంపాను. వారానికి ఫోన్: "బావా, ఒక్కటీ ఆడట్లేదు." తప్పు నాదే. ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో డిస్కుకి ఒక గుర్తు పెడతారు, దాన్నే రీజియన్ అంటారు. జర్మనీ డీవీడీలు రీజియన్ 2, ఇండియా ప్లేయర్లు రీజియన్ 5. రెండు చోట్లా టీవీలది పాల్ పద్ధతే కదా అని ధీమాగా ఉండిపోయాను. బ్లూ-రేలో యూరప్ బి, ఇండియా సి. 4కె యూహెచ్‌డీ డిస్కులకి మాత్రం రీజియన్ అడ్డు లేదు. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే, తర్వాత అక్కడే బిగుసుకుపోతుంది. మ్యూనిక్ ఫిల్మ్ మ్యూజియంతో పాటు మరికొన్ని ఆర్కైవులు కలిసి తెచ్చే 'ఎడిషన్ ఫిల్మ్‌మ్యూజియం' డీవీడీలకి రీజియన్ ఉండదు. సంత వీధుల్లో కనపడని సినిమాలు వాళ్ళ దగ్గరే దొరుకుతాయి.

దానికన్నా పెద్ద చిక్కు సబ్‌టైటిల్స్. డబ్బా వెనక అడుగున చిన్న అక్షరాల్లో 'ఉంటర్‌టీటెల్' అన్న మాట వెతకండి. దాని పక్కన 'ఎంగ్లిష్' ఉంటే సరే. 'డోయిచ్ ఫ్యూర్ హ్యోర్‌గెషేడిగ్టె' అని మాత్రమే ఉంటే అవి వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం వేసిన జర్మన్ అక్షరాలు. చాలా జర్మన్ డిస్కుల సంగతి ఇంతే. భాష రానివాళ్ళకి అదే సినిమా బ్రిటన్‌లోనో అమెరికాలోనో వచ్చిన డిస్కు మేలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు బంజారాహిల్స్ గోథె-సెంట్రమ్‌లో జర్మన్ మొదలుపెడితే మాత్రం ఈ హ్యోర్‌గెషేడిగ్టె అక్షరాలే మంచి పంతులవుతాయి. నేను సగం భాష అలాగే నేర్చుకున్నాను.

అట్ట మీద పెద్దగా ఉండే వయసు ముద్ర చూసి బాధపడకండి. చాలా డబ్బాల్లో ఆ కాగితం తిరగేస్తే ముద్ర లేని బొమ్మ ఉంటుంది.

అపోహ: మంచి జర్మన్ సినిమా అంతా పశ్చిమ జర్మనీదే.

తూర్పు జర్మనీ ప్రభుత్వ సినిమా సంస్థ డెఫా 1946లో మొదలై ఏడువందలకి పైగా కథాచిత్రాలు తీసింది. 1965 డిసెంబర్‌లో జరిగిన అక్కడి పాలక కమ్యూనిస్టు పార్టీ సమావేశం తర్వాత దాదాపు ఒక ఏడాదిలో తీసిన సినిమాలన్నీ అటకెక్కాయి. ఫ్రాంక్ బేయర్ తీసిన 'ష్పూర్ డెర్ ష్టైనె' 1966లో విడుదలైన కొద్ది రోజులకే ఆపేశారు. బెర్లిన్ గోడ కూలే రోజులొచ్చాకే అది మళ్ళీ తెరకెక్కింది. ఇంగ్లీషు అక్షరాలతో ఈ సినిమాలు కావాలంటే అమెరికాలో ఆమ్హెర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న డెఫా ఫిల్మ్ లైబ్రరీ డిస్కులు చూడండి.

అపోహ: డిస్కులెందుకు, ఏదో ఒక రోజు అన్నీ ఆన్‌లైన్‌లోకి వస్తాయి.

వెండర్స్ మొదటి పూర్తి నిడివి సినిమా 'సమ్మర్ ఇన్ ది సిటీ' (1970) చదువుకునే రోజుల్లో తీసింది. నచ్చిన పాటలన్నీ హక్కుల ఊసెత్తకుండా పెట్టేశాడు. ఆ పాటల చిక్కు వల్లే అది దశాబ్దాల పాటు డిస్కుగా రాలేదు. గోల్‌కీపర్ కథతో 1972లో తీసిన సినిమా కూడా అదే కారణంగా దశాబ్దాలు మూలపడింది. చివరికి కొన్ని పాటల చోట కొత్తవి చేయించి పెట్టాకే బయటికి వచ్చింది. ఆన్‌లైన్‌లో హక్కుల గడువు తీరిన రోజున సినిమా చెప్పకుండా మాయమవుతుంది. నిన్న రాత్రి సగం చూసింది ఇవాళ ఉండకపోవడం నాకే జరిగింది.

అపోహ: డిస్కు ఒకసారి కొంటే తరాలు ఉంటుంది.

డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల రెండు పలకలు జిగురుతో అతికించింది. జిగురు సరిగా పట్టకపోతే అంచు నుంచి గాలి, తేమ లోపలికి వెళ్తాయి. మా దగ్గరున్న ఒక పాత పెట్టెలో నాలుగు డిస్కులు అలా పోయాయి. గీత ఒక్కటి లేదు. బల్బు ముందు పట్టి చూస్తే అంచు నుంచి లోపలికి పాలు ఒలికినట్టు తెల్లటి మబ్బు. సంస్థకి రాస్తే స్టాకు లేదన్నారు. అప్పటి నుంచి కొన్న ప్రతి డిస్కూ మొదటి వారంలోనే చివరిదాకా ఆడించి చూస్తాను. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళు అల్మారాలో తేమ పీల్చే పొట్లాలు వేసి, డబ్బాలు నిలువుగా పెట్టండి. వీహెచ్‌ఎస్ టేపులుంటే ఇంకా జాగ్రత్త. బూజు పట్టిన టేపు ఒక్కసారి ఆడిస్తే ప్లేయర్‌కీ, ఆ తర్వాత వేసిన ప్రతి టేపుకీ అంటుకుంటుంది.

తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. డిస్కు మీద పెన్నుతో ఏమీ రాయకండి. రాయాల్సింది చీటీ మీద రాసి డబ్బా లోపల పెట్టండి. నా చీటీల మీద నాలుగు ముక్కలుంటాయి: ఏ ఆర్కైవు ప్రింటు, ఏ ఏడాది పునరుద్ధరణ, ఎన్ని నిమిషాలు, బొమ్మ కొలత ఎంత.