గోదారి నుంచి మూసీ దాకా: మనవలకు తాతయ్య ఉత్తరం

బుజ్జితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకటే ప్రశ్న అడిగారు. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది, గౌతమి ఉంది, 2023 నుంచి వందేభారత్ కూడా ఆగుతోంది. మధురపూడిలో విమానం ఎక్కితే గంటలో దిగొచ్చు. ఇన్ని ఉండగా ఈ వయసులో మీరిద్దరూ కారేసుకుని రావడం ఎందుకని. మీ అమ్మదీ అదే మాట. ఫోన్లో చెబితే సగమే చెప్పినట్టవుతుందని తీరిగ్గా రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా ఎక్కువ కాలం చేసింది హైదరాబాద్ నైట్ సర్వీసు. రాత్రి తొమ్మిదింటికి రాజమండ్రి బస్టాండులో బండి తీస్తే తెల్లారి ఆరింటికి హైదరాబాద్‌లో ఇమ్లీబన్ బస్టాండు. సాయంత్రం మళ్ళీ తిరుగు డ్యూటీ. కాబట్టి ఆ దారి నాకు హెడ్‌లైట్ల వెలుగులోనే తెలుసు. ముందు పడే కాస్త వెలుతురు, ఎదురొచ్చే లారీవాడు లైటు డిప్ చేస్తాడా లేదా అన్న కాపలా, పక్కన మైలురాళ్ళు, అంతే. అటూ ఇటూ ఏ ఊరుందో, ఏ పంటుందో చూసింది లేదు. మీ అమ్మమ్మకి ఆ మాత్రం కూడా తెలియదు. మీ అమ్మ కాపురానికి వెళ్ళాక ఎన్నిసార్లు వచ్చినా రాత్రి రైల్లో పడుకోవడం, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగడం. మన రెండిళ్ళ మధ్యనున్న నేలని ఇద్దరం పక్కపక్కన కూర్చుని పగటిపూట చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. నీ పదహారో పుట్టినరోజు కంటే మంచి సందర్భం ఏముంటుంది తల్లీ!

చీకట్లో ఊళ్ళు ఎలా గుర్తుపట్టేవాడివని చిన్నోడు ఒకసారి అడిగాడు. నీళ్ళను బట్టి నాన్నా. వంతెన ఎక్కగానే చక్రాల కింద చప్పుడు మారుతుంది. వంతెనని ఒకే పలకగా పొయ్యరు, ముక్కలుగా కడతారు. ఎండకి సాగడానికీ చలికి ముడుచుకోవడానికీ ముక్కకీ ముక్కకీ మధ్య సందు వదులుతారు. ఆ సందు మీద ముందు చక్రం పడితే ఒక దెబ్బ, వెనక చక్రాలు పడితే ఇంకో దెబ్బ. టక్, టక్. అదే సమయంలో కిటికీలోంచి గాలి చల్లబడుతుంది. పెద్ద వంతెన అయితే ఆ చప్పుడు చాలాసేపు సాగుతుంది, చిన్నదైతే ఇట్టే ఆగిపోతుంది. ఏ నది దాటామో దాన్ని బట్టే తెలిసేది. ఆ నీళ్ళ వరస రాస్తాను, మ్యాపు ముందు పెట్టుకుని చూసుకోండి.

మొదట గోదారి, అదీ రెండుసార్లు. ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట ఉంది కదా, 1847లో మొదలై 1852లో పూర్తయింది, దాని దిగువన నది గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలిపోతుంది. జొన్నాడ దగ్గర గౌతమి దాటితే రావులపాలెం, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ దాటితే పశ్చిమ గోదావరి. మధ్యలో ఉన్నది కోనసీమ కొస.

జొన్నాడకి ముందే కడియపులంకలో ఒకసారి ఆగుతాం. రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. ఇప్పుడు చామంతులు, ముద్దబంతులు తొట్లలో విరగబూసి ఉంటాయి. మీ బాల్కనీకి నాలుగు మొక్కలు తెస్తున్నాం. వేరుచుట్టూ మట్టిగడ్డ చెదరకుండా మొక్క అంతదూరం రావాలంటే వెనక సీటే సరైన చోటు.

రావులపాలెం నుంచి కాస్త పక్కకి వెళితే ఆత్రేయపురం. అమ్మమ్మ పూతరేకులు డబ్బాలో కొనదు, చేసేవాళ్ళ ఇంటికే వెళుతుంది. మీరెప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతాను. బొజ్జ నున్నగా ఉన్న పెద్ద కుండని బోర్లించి, పక్కన పెట్టిన కంతలోంచి కింద ఎండు కొబ్బరాకులు మండిస్తూ ఉంటారు. బియ్యం మెత్తగా రుబ్బి, పల్చగా కలిపిన పిండి పక్కన పళ్ళెంలో ఉంటుంది. పల్చటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులా చాపి పట్టుకుని కుండ మీద పరిచి ఒక్క లాగు లాగుతారు. గుడ్డ ఇవతలికి వచ్చేసరికి కుండ మీద తెల్లటి పొర ఒకటి మిగిలి, అంచులు లేచి వచ్చేస్తుంది. చూస్తుండగానే రేకు! మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. పొద్దుట్నుంచి ఆ సెగ ముందు కూర్చుని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ రేకుకి తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదారో చల్లి మడతపెడతారు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పైన ఏ బరువు పడినా పొడైపోతుంది కాబట్టి ఆ పెట్టె మీ ఇల్లు చేరేదాకా అమ్మమ్మ ఒళ్ళోనే ఉంటుంది.

తణుకు, తాడేపల్లిగూడెం వైపు సార్వా, అంటే వానాకాలం వరి, కోతలు నడుస్తుంటాయి. సర్వీసు రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుంటారు, అక్కడ బండి నెమ్మది చెయ్యాలి. ఏలూరులో తమ్మిలేరు. ఎడమ పక్క దూరంగా కొల్లేరు ఉంటుంది కానీ రోడ్డు మీంచి కనపడదు. తమ్మిలేరు, బెజవాడ దగ్గరి బుడమేరు రెండూ చేరేది అందులోకే. 2024 సెప్టెంబరులో బెజవాడలో ఇళ్ళు మునిగాయే, ఆ నీళ్ళు ఈ బుడమేరువే. హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకోకుండా మా డ్రైవర్లు ముందుకి పోయేవాళ్ళు కాదు. ఈసారి బండి ఆపి గుడి లోపలికి వెళతాను.

బెజవాడలో కృష్ణని దాటం. దుర్గమ్మ కొండ కింద నుంచి ఇబ్రహీంపట్నం దాకా నదిని పక్కన పెట్టుకుని నడుస్తాం. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ వల్ల అక్కడ నీళ్ళు నిండుగా ఉంటాయి. అమ్మమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టేది ముఖ్యంగా ఈ కాసిని మైళ్ళ కోసమే. ఖమ్మం మీదుగా అయితే దగ్గర కదా అని చిన్నోడు ఫోన్లో చూసి చెప్పాడు. నిజమే నాన్నా, దగ్గరే. కానీ ఆ దారిలో బెజవాడ రాదు, నందిగామలో మీ చిన్నమ్మమ్మ ఇల్లూ రాదు. ఆ రాత్రి అక్కడే పడుకుంటాం. అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో!

నందిగామకి ముందే కీసర దగ్గర మున్నేరు వస్తుంది. ఖమ్మం మీదుగా వచ్చి కృష్ణలో కలిసే ఏరు అది. మామూలు రోజుల్లో ఇసుక తిన్నెలే కనిపిస్తాయి, వాన పడితే మాత్రం నమ్మడానికి లేదు. 2023 జూలైలో ఐతవరం దగ్గర హైవే మీదికే వచ్చి హైదరాబాద్ బండ్లన్నీ ఆపేసింది, 2024 సెప్టెంబరులో మళ్ళీ అదే జరిగింది. నీళ్ళు పారుతున్న రోడ్డు మీదికి బండి దించకూడదు బుజ్జీ. లోతు పైకి తెలియదు, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో అసలే తెలియదు. ఎవడో వెళ్ళాడని మనం వెళ్ళకూడదు.

జగ్గయ్యపేట దాటాక పాలేరు. అవతల తెలంగాణ. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ హైవేని తొమ్మిదో నంబరు రోడ్డు అనేవాళ్ళం, ఇప్పుడు అరవై అయిదు. 2012లో నాలుగు వరసలయ్యేదాకా రెండు వరసలే. ఎదురుగా వచ్చే బస్సు అద్దం మన అద్దానికి ఎంత దగ్గరగా పోయేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు స్టీరింగ్ బిగించి పట్టుకుంటాయి. కోదాడ దాటాక నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. చేతులతో రాళ్ళు మోసి కట్టిన డ్యామ్ నీళ్ళు అవి. ఎండిపోయిన చెలకలు ఆ కాలువ పక్కకి వచ్చేసరికి పచ్చగా ఎలా మారతాయో పగలు చూడాలని నా కోరిక.

ఆ తరవాత సూర్యాపేట. నైట్ డ్యూటీలో మొహం కడుక్కుని టీ తాగే చోటు. అది దాటాక మూసీ. అవును, మీ మూసీయే! అనంతగిరి కొండల్లో పుట్టి, మీ హైదరాబాద్ మధ్యలోంచి పారి, ఇక్కడ మా రోడ్డు కిందకి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నేను బస్సు ఆపే ఇమ్లీబన్ స్టాండు ఉన్నది కూడా మూసీ పాయల మధ్యనే. ఒకే నదిని రాత్రి మూడింటికి ఒకసారి, తెల్లారి ఇంకోసారి దాటేవాణ్ణి. మీ హైదరాబాద్‌లో సర్కారు బస్సులు మొదలైన సంగతి కూడా చిన్నోడికి చెప్పాలి. 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో మొదలుపెట్టింది. ఆర్టీసీ బస్సు నంబర్లలో ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం గుర్తుగా వచ్చిందని మా డిపోలో చెప్పుకునేవాళ్ళం.

ఇంకొకటి మీ అమ్మకి తెలుసు, మీకు తెలియదు. పండగ వచ్చిందంటే ఆర్టీసీలో స్పెషల్ బస్సులు వేస్తారు. జనమంతా ఇళ్ళకి చేరాలి కాబట్టి డ్రైవర్లకి, కండక్టర్లకి సెలవు దొరకదు. మీ అమ్మ పుట్టింది సంక్రాంతి వారంలో. తన పుట్టినరోజులన్నీ నేను ఈ రోడ్డు మీదే ఉన్నాను, బస్సునిండా పండక్కి వెళ్ళేవాళ్ళని ఎక్కించుకుని. అమ్మమ్మ పాయసం చేసి, ఒక గిన్నె మూతపెట్టి నాకోసం ఉంచేది. మీ అమ్మ ఒక్కసారి కూడా అలగలేదు. ఇప్పుడు నాకు డ్యూటీ లేదు. అందుకే నీ పుట్టినరోజుకి రెండు రోజులు ముందే వచ్చి, అయిపోయాక నాలుగు రోజులుండి వెళతాం.

పదహారేళ్ళు వచ్చిన బిడ్డతో స్నేహితుల్లా మాట్లాడమంటారు పెద్దలు. కాబట్టి నువ్వు అడిగిన స్కూటీ సంగతి దాపరికం లేకుండా చెబుతాను. పదహారేళ్ళకి చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి మాత్రమే. నువ్వు చూపించిన బండి 110 సీసీ. దానికి పద్ధెనిమిది నిండాలి. 2019లో చట్టం మార్చాక, మైనరు బండి నడిపి నేరం జరిగితే పెద్దవాళ్ళకి మూడేళ్ళదాకా జైలు, 25 వేల జరిమానా, నడిపిన పిల్లకి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. కేసు భయంతో చెప్పడం లేదు తల్లీ. రోడ్డు పక్కన నేను చూసినవాటిలో నీ వయసు పిల్లలు ఉన్నారు. ఈ రెండేళ్ళలో బండి గురించి నాకు తెలిసిందంతా నేర్పుతాను. పద్ధెనిమిదో పుట్టినరోజుకి బండి నేనే కొనిస్తాను. ఇది తాతయ్య మాట.

ఇక మీ అమ్మ బెంగకి జవాబు. కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. యాభై అయిదు దాటాక లైసెన్సు అయిదేళ్ళకోసారి రెన్యువల్, డాక్టరు సర్టిఫికెట్ కూడా ఉండాలి, నాది ఈమధ్యే అయింది. మా రోజుల్లో 1961 నాటి మోటారు కార్మికుల చట్టం డ్రైవరుకి రోజుకి ఎనిమిది గంటలు, అయిదు గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి అని పెట్టింది. నేను అంతసేపు నడపను, గంటన్నరకోసారి దిగుతాను. పొద్దు వాలాక స్టీరింగ్ ముట్టుకోను. దారిలో ఏదైనా అయితే హైవేవాళ్ళ నంబరు 1033, అంబులెన్సుకి 108. రెండూ అమ్మమ్మ ఫోన్లో పెట్టాను.

బుధవారం తెల్లారి బయల్దేరుతున్నాం. గురువారం టిఫిన్ చేసి నందిగామలో కదులుతాం. బండి నడుపుతూ నేను ఫోన్ ఎత్తను, మాటిమాటికీ చెయ్యకండి. సూర్యాపేట దాటగానే అమ్మమ్మే చేస్తుంది. అక్కణ్ణుంచి హయత్‌నగర్‌కి రెండు గంటలు, ఊళ్ళో ట్రాఫిక్‌కి ఇంకో గంట వేసుకోండి. మాకోసం భోజనం ఆపుకోవద్దు, పిల్లలు వేళకి తినాలి. మొక్కలు దింపడానికి చిన్నోడు కింద ఉంటే చాలు.

మీ
తాతయ్య