మ్యాపుకి మట్టి మోసేవాళ్ళు

చి॥ బుజ్జికి, చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

"ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ మ్యాపులో ఎవరైనా గీయొచ్చట కదా, మరి లేని రోడ్డు గీస్తేనో?" అని అడిగారు. ముందు ఏటిగట్టు సంగతి వినండి.

నా చిన్నప్పుడు వరదొచ్చి గట్టుకి గండి పడబోయింది. ఊళ్ళో దండోరా వేశారు. ఇంటికో మనిషి తట్టా పారా పట్టుకొచ్చాడు. కొందరు సరుగుడు కర్రలు దిగేశారు, కొందరు కొబ్బరి మట్టలు అడ్డం కట్టారు. మాబోటి పిల్లలం గోనెసంచులు అందించాం. ఆ రాత్రి గట్టు మీద పెట్టిన పులిహోర లాంటిది మళ్ళీ తినలేదు (మీ బామ్మతో అనకండి). అయితే ఎవరికి తోచినచోట వాళ్ళు మట్టి పోస్తే గట్టు నిలవదు. ఓ పెద్దాయన లాంతరు పట్టుకుని తిరుగుతూ ఎవరి బారెడు వాళ్ళకి పంచాడు. ఒకరు పోసింది ఇంకొకరు తొక్కి చూడాలి. మెత్తగా ఉంటే మళ్ళీ పోయాల్సిందే.

ఈ మ్యాపూ అలాంటి గట్టే. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వస్తే, ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళలో కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫొటోలు చూస్తూ అక్కడి రాజధాని పోర్టో ప్రిన్స్ వీధులు గీశారు. సాయానికి వెళ్ళినవాళ్ళకి ఆ మ్యాపే దారి చూపింది. ఇప్పుడు టాస్కింగ్ మేనేజర్ అని ఒక సైటుంది. ఊరిని గళ్ళుగా విడగొట్టి మీకో గడి ఇస్తుంది, అదే మీ బారెడు. మీరు గీసింది ఇంకొకరు తొక్కి చూస్తారు. ఎవరేం మార్చారో అంతా రాసి ఉంటుంది, దొంగరోడ్డు దొరికితే తీసేయొచ్చు. దొరికితేనే! ఎవరూ నడవని చోట తప్పు అలాగే పడుంటుంది.

మన కొబ్బరితోటల కింద పుంతలు ఉపగ్రహానికి కనబడవు. గోదావరి లంకల్ని కోసుకుంటూ పోతోంది, నిరుటి ఒడ్డు ఈ ఏడు ఉండదు. ఎక్కడో అమెరికాలో కూర్చున్నవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

సెలవులకి వచ్చేముందు అమ్మ ఫోన్లో ఈ మ్యాపుకి పనికొచ్చే స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేయించుకోండి. ఈ దారి మట్టిదా, సిమెంటుదా అని చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది, చూసి చెప్పడమే. గూగుల్ మ్యాపులో చూసి మాత్రం ఎక్కించకండి, అది వాళ్ళ సొత్తు. రేవు నుంచి లాకుల దాకా గట్టు మీద నడిచి, మ్యాపులో లేని వంతెనలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. చెప్పులు మరిచిపోవద్దు, గట్టంతా పల్లేరుకాయలే.

మీ తాతయ్య