వీపు నేలకు తగిలితే చిత్తు

2023 సెప్టెంబర్ 17, కొలంబోలో ఆసియా కప్ ఫైనల్. మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు తీశాడు. చివరికి 21 పరుగులిచ్చి ఆరుగుర్ని పంపించాడు. శ్రీలంక 15.2 ఓవర్లలో 50కి ఆలౌట్. ఇండియా ఒక్క వికెట్టూ పోకుండా 6.1 ఓవర్లలో పని ముగించేసింది. మ్యాచ్ చూస్తూ తిందామని బిర్యానీ ఆర్డర్ పెట్టుకున్నవాళ్ళకి పార్సిల్ అందేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు. అలాంటి మ్యాచ్ గురించి మర్నాడు టీ కొట్టు దగ్గర ఏ మాట వినపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. చిత్తు.

రోజూ వాడే ఈ మాటలో ఒక మనిషి పడుకుని ఉన్నాడు. హిందీ, ఉర్దూల్లో 'చిత్' అంటే వెల్లకిలా పడి ఉన్న స్థితి. కుస్తీలో ఎదుటివాడి వీపు నేలకు ఆనించేస్తే 'చిత్ చేశాడు' అంటారు. హల్లుతో ఆగిపోయే పొట్టి మాటలు తెలుగువాడి నోటికి పట్టవు. బస్‌ని బస్సు, పెన్‌ని పెన్ను చేసుకున్నట్టే చిత్‌ని చిత్తు చేసుకున్నాం. గోదా, దంగల్, వస్తాదు అన్న మాటలూ ఇలా ఆ కుస్తీ మట్టిలోంచి వచ్చినవే. ఎన్నికలొస్తే నాయకులు ఇప్పటికీ 'గోదాలోకి' దిగుతూనే ఉంటారు, లంగోటా ఒక్కటే తక్కువ.

ఇంతకీ వీపే ఎందుకు? బోర్లా పడితే ఓడినట్టు కాదా?

కాదు. ఇది బాగా తెలిసిన మనిషి స్టానిస్లాస్ జిబిస్కో అనే పోలండ్ మల్లయోధుడు. 1910 సెప్టెంబర్ 10న లండన్‌లో మన గామా పహిల్వాన్‌తో తలపడ్డాడు. గామా పట్టుకి నిలబడలేనని మొదట్లోనే అర్థమైపోయింది. ఇంకేముంది, చాపకి కరుచుకుని బోర్లా పడుకున్నాడు. గామా రెండున్నర గంటలకు పైగా గుంజాడు, లాగాడు, తిప్పబోయాడు. జిబిస్కో వెల్లకిలా తిరగలేదు. వీపు నేలకు తగల్లేదు కాబట్టి పోటీ డ్రాగా ముగిసింది. చూడ్డానికి వచ్చిన జనం సంగతి తలుచుకుంటే జాలేస్తుంది. మళ్ళీ 1928లో పాటియాలాలో ఇద్దరూ కలిశారు. ఈసారి నిమిషం కూడా పట్టలేదు, జిబిస్కో చిత్తు.

ఇందులో ఒంటి నిర్మాణం కిటుకు ఉంది. బోర్లా ఉన్నవాడి మోచేతులు, మోకాళ్ళు నేలమీదే ఉంటాయి. నేలను తన్ని లేవగలడు, పాక్కుంటూ తప్పించుకోగలడు. వెల్లకిలా పడినవాడికి కాళ్ళూ చేతులూ గాల్లో ఉంటాయి. లేవాలంటే ముందు పక్కకి దొర్లాలి. ఆ దొర్లనివ్వకుండా ఒకడు ఛాతీ మీద కూర్చుంటే, తిరగేసిన తాబేలుకీ అతనికీ పెద్ద తేడా ఉండదు. ఇప్పటి ఒలింపిక్ కుస్తీలోనూ రెండు భుజాలూ చాపకి అదిమి పట్టారంటే ఆట అక్కడితో సరి. అంతవరకూ పాయింట్లలో ఎవరు ముందున్నారో ఎవరూ అడగరు.

వెల్లకిలా ఉన్నవాడు తిరగడం ఎంత కష్టమో మన ఇళ్ళలో ఎప్పుడో కనిపెట్టారు. చంటిపిల్ల తొలిసారి తనంతట తను బోర్లా పడటానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆ రోజు ఇంట్లో బొబ్బట్లు వండుతారు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. కుస్తీ లెక్కన చూస్తే అది ఆ పిల్ల మొదటి గెలుపు.

అందుకే 'మట్టి కరిపించాడు' అన్న మాట దగ్గర నాకు చిన్న పేచీ ఉంది. మట్టి కరవాలంటే మొహం నేలకి ఉండాలి. అంటే వీపు పైకి ఉన్నట్టు. అంటే వాడింకా ఓడలేదు! కానీ జాతీయాలు రిఫరీని అడిగి పుట్టవు కదా. పేపర్లలో చిత్తు, మట్టి కరవడం పక్కపక్కనే హాయిగా బతుకుతున్నాయి.

అసలు విషయం ఈ మాట వాడకంలో బయటపడుతుంది. 'కొంచెం ఓడిపోయాడు' అనం గానీ 'కొద్దిలో ఓడిపోయాడు' అంటాం. 'కొద్దిలో చిత్తయ్యాడు' అని మాత్రం ఎవరూ అనరు. 'చిత్తుగా గెలిచాడు' అన్నా నవ్వుతారు. గెలిచినవాడు చిత్తు 'చేస్తాడు', ఓడినవాడు చిత్తు 'అవుతాడు'. పూటుగా తాగినవాడు కూడా చిత్తవుతాడు, అది అచ్చంగా కుస్తీ అర్థమే, అరుగు మీద వెల్లకిలా. భుజాలు తగిలాయా లేదా అన్నదే ప్రశ్న గనక, చిత్తులో ఎక్కువా తక్కువా ఉండకూడదు. అయినా వాడగా వాడగా మాట పదును తగ్గి, ఒక్క చిత్తు చాలక 'చిత్తుచిత్తుగా' అంటున్నాం. ఒకసారి వీపు తగిలాక రెండోసారి ఎందుకో భాషకే తెలియాలి.

డిపాజిట్ గల్లంతుకైతే కచ్చితమైన అంకె ఉంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే కట్టిన సొమ్ము పోతుంది. చిత్తుకి అలాంటి అంకె లేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 సీట్లు. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి 23, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చినవి 11. రెండుసార్లూ రాష్ట్రమంతా అన్న మాట చిత్తే. కానీ ఓట్ల లెక్క తీస్తే, ఓడిన పార్టీకి రెండుసార్లూ నూటికి సుమారు 39 పడ్డాయి. పదిమందిలో దాదాపు నలుగురు వెనకాల నిలబడ్డ పార్టీ చిత్తయిందంటే వినడానికి విడ్డూరమే. మన ఎన్నికల పద్ధతి కూడా కుస్తీ లాంటిదే మరి. నియోజకవర్గంలో ఒక్క ఓటు వెనకబడ్డా వీపు తగిలినట్టే, సంపాదించిన మిగతా ఓట్లకి పాయింట్లు రావు. చిత్తు అనేది ఎంత తేడాతో ఓడారో చెప్పే మాట కాదు. ఆట ముగిసేసరికి ఏ భంగిమలో ఉన్నారో చెప్పే మాట.

ఇదే పేరుతో ఇంకో చిత్తు ఉంది. చిత్తు ప్రతి, చిత్తు కాగితం, చిత్తు లెక్క. దీనికీ కుస్తీకీ చుట్టరికం ఉందని నేననుకోను. ఇది రాతకోతల వైపు నుంచి వచ్చిన మాటలా కనిపిస్తుంది. అయితే ఒకేలా వినపడే మాటలు పక్కపక్కనే ఉంటే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. 'వాణ్ణి చిత్తు చేసేశాను' అంటూ చేత్తో కాగితం నలిపినట్టు చూపించేవాళ్ళని చూశాను. వాళ్ళ మనసులో గోదా లేదు, చెత్తబుట్ట ఉంది.

మూడోది మరీ దూరపు బంధువు, నిజానికి బంధువే కాదు. వేదాంతం చెప్పేవాళ్ళ సత్తు, చిత్తు, ఆనందం. అది సంస్కృతపు 'చిత్', ఎరుక అని అర్థం. బస్సు, పెన్నుల్లాగే దానికీ మనం ఉకారం తగిలించాం, దాంతో ఎరుక వెళ్ళి పడిపోయిన పహిల్వాన్ పక్కన కూర్చుంది. నిఘంటువులో ఒకే వరసలో ఉన్న ఈ మూడింటినీ మనం ఎప్పుడూ కలగాపులగం చెయ్యం, పక్కనున్న మాటే దారి చూపిస్తుంది. ఎంసెట్ ప్రశ్నపత్రంలో పేజీ అడుగున 'చిత్తుపనికి కేటాయించబడిన స్థలము' అని అచ్చు వేసేవారు. పరీక్ష హాల్లో ఎంత టెన్షన్‌లో ఉన్న పిల్లాడైనా దాన్ని చూసి కుస్తీ అనుకోలేదు, పెన్సిల్ తీసి లెక్క మొదలుపెట్టాడు.