ఎనభై మంది ఆర్కెస్ట్రా, ఒక్క పియానో, మైకు లేదు

విజయనగరంలో వీణ నేర్పే ఒక మాస్టారు ఫోన్‌లో వాన్ క్లైబర్న్ పాత వీడియో చూశారు. 1958లో మాస్కోలో రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ పేరు మీద జరిగిన మొట్టమొదటి పోటీలో గెలిచి, 23 ఏళ్ళకే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న అమెరికా పియానిస్టు ఆయన. వాయిస్తున్నది చైకోవ్‌స్కీ మొదటి పియానో కాన్‌చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క పియానో ముందుండి వాయించే కృతి. వెనక నిండా ఆర్కెస్ట్రా. మాస్టారికి కృతి నచ్చిందో లేదో తెలీదు గానీ, అడిగింది మాత్రం ఇదీ: "మా వీణకి అతికించే కాంటాక్ట్ మైకు పెట్టకపోతే మూడో వరసకి అందదు. ఈ బాబుకి మైకు అక్కర్లేదేటి?"

వీణ వాయించేవాళ్ళకే తట్టే ప్రశ్న. సంగీతం మీద రాసేవాళ్ళు ప్రతిభ గురించి రాస్తారు, ఇది వదిలేస్తారు.

ముందు లెక్క చూద్దాం. ఎనభై మంది వాయిస్తే ఎనభై రెట్లు గట్టిగా వినబడుతుందని మనం అనుకుంటాం. అలా కాదు. పదహారు ఫిడేళ్ళు ఒకే స్వరం వాయించినా వాటి అలలు ఒకదానితో ఒకటి అడుగు కలపవు. శక్తి పదహారు రెట్లు అవుతుంది, అంటే 12 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా అనిపించడానికి సుమారు 10 డెసిబెల్స్ కావాలి. కాబట్టి పదహారు మందీ కలిసి ఒక్కడికన్నా రెండింతల పైచిలుకు మాత్రమే గట్టిగా వినిపిస్తారు. పియానో ఎదుర్కోవలసిన గోడ మనం భయపడినంత ఎత్తు కాదన్నమాట.

పియానో కూడా తక్కువది కాదు. కచేరీ హాళ్ళలో పెట్టే పెద్ద పియానో పొడవు 270 సెంటీమీటర్ల పైన, బరువు దాదాపు అర టన్ను. 88 మీటలకు 230 దాకా తీగలుంటాయి. కింది స్వరాలకు ఒక్కొక్క తీగే, పైకి వెళ్ళేకొద్దీ రెండు, ఆపైన మూడు. అన్నిటి బిగువూ కలిపితే 20 టన్నుల దగ్గర తేలుతుంది. అందుకే లోపల పోత ఇనుప చట్రం. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫొరి చేసిన తొలి పియానోలకు ఆ చట్రం లేదు, అంత గొంతూ లేదు. సన్నటి తీగ ఒక్కటే గాలిని పెద్దగా కదపలేదు. దాని ఊపు తీగ ఆనే వంతెన మీదుగా స్ప్రూస్ కర్రతో చేసిన వెడల్పాటి పలకకు చేరాకే హాలు నిండుతుంది. మన వీణలోనూ కుండమీది పలక చేసే పని ఇదే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణ పలక వైశాల్యం ఎంత, ఆ తీగల బిగువు ఎంత! వీణనూ పియానోనూ పక్కపక్కన పెడితే పియానోకు మైకు ఎందుకు అక్కర్లేదో తెలుస్తుంది. ఎత్తిపెట్టిన మూత కూడా ధ్వనిని ప్రేక్షకుల వైపు తిప్పుతుంది.

ఇంకో సంగతి, స్వరం మొదలయ్యే తీరు. ఫిడేలు మీద కమాను లాగితే స్వరం కాస్త నిదానంగా పైకి లేస్తుంది. పియానోలో తీగను చిన్న సుత్తి కొడితే వెంటనే పుడుతుంది, పుట్టిన క్షణం నుంచే తగ్గడం మొదలెడుతుంది. మన చెవి ఈ మొదళ్ళనే ముందు పట్టుకుంటుంది. ఆ కాన్‌చెర్టో ఆరంభంలో పాట ఫిడేళ్ళది. పియానో చేసేది కింది నుంచి పై దాకా బరువైన స్వరగుచ్ఛాలు మోగించడమే. అయినా అందరికీ గుర్తుండేది పియానోనే.

నాకు వీటన్నిటికన్నా వింతగా తోచేది వేరే ఉంది. పియానిస్టు చెయ్యి తీగను తాకదు. మీట నొక్కితే సుత్తి లేస్తుంది, తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో మీట దాన్ని వదిలేస్తుంది. వేలు వదిలిన క్యారమ్స్ స్ట్రైకర్ లాగా, ఆ తర్వాత సుత్తి మన మాట వినదు. అప్పటికి దానికి ఎంత వేగం ఇచ్చామో అంతే. సుత్తికి ఒత్తుగా చుట్టిన ఉన్ని ఉంటుంది. మెల్లగా తగిలితే మెత్తగా ఉంటుంది, గట్టిగా కొడితే బిగుసుకుని తీగను ఇంకా త్వరగా వదిలేస్తుంది. దాంతో ధ్వని పెరగడమే కాదు, పదునెక్కుతుంది కూడా. స్పర్శ, టచ్ అని పొగుడుతుంటారే, ఒక్క స్వరం వరకు చూస్తే అందులో ఎక్కువ భాగం సుత్తి వేగమే. మిగతాది ఏ స్వరం ఎప్పుడు, దేనికన్నా ఎంత గట్టిగా, స్వరాలను ఆగకుండా మోగనిచ్చే కాలి పెడల్ ఎంతసేపు అన్న నిర్ణయాలు.

మాస్టారికి ఇక్కడ జాలి వేసింది. స్వరాన్ని ఊపే గమకం ఎలా మరి? లేదు. వీణకూ స్థాయికి పన్నెండు మెట్లే, పియానోకూ పన్నెండు స్వరాలే. కానీ వీణ తీగను మెట్టు మీద పక్కకు లాగొచ్చు. ఆ మెట్లు కూడా మైనం మీద చెవితో కుదిర్చినవి. పియానోలో పన్నెండు స్వరాలనూ సమాన దూరాల్లో పెడతారు. షడ్జం (స) సెకనుకు 240 కంపనాలనుకుంటే, సహజమైన అంతర గాంధారం (గ) 300 దగ్గర ఉండాలి. పియానోలో అది 302.4. రెండూ కలిపి మోగిస్తే సెకనుకు రెండుసార్లకు పైగా అల అలగా ఊగుతుంది, శ్రుతి తెలిసిన చెవికి గుచ్చుకుంటుంది.

ఫిడేలుకు మెట్లు లేవు. పడమటి నుంచి వచ్చినా అది కర్ణాటక సంగీతంలో ఒదిగిపోయింది. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులైతే, ఫిడేలు నేర్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. పియానోకు ఆ వీలు లేదు.

ఆర్కెస్ట్రాలోనూ ఆ మొండితనమే చెల్లుతుంది. మామూలు రోజుల్లో అందరూ ఓబో అనే ఊదే వాద్యం ఇచ్చే స్వరానికి శ్రుతి చేసుకుంటారు. పియానో వేదికెక్కిన రోజు పియానో ఇచ్చిన స్వరమే ఆధారం. 230 తీగలను అప్పటికప్పుడు ఎవరు బిగిస్తారు?

వినాలనుకుంటే ఫోన్ స్పీకరులో మాత్రం వద్దు. పియానో అట్టడుగు స్వరం సెకనుకు 27.5 కంపనాలు, అంత చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.