ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో లేని గుండె

తెల్లవారుజామున ఐదింటికి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు వెళ్తే చీకట్లోనే పరుగుల చప్పుడు వినిపిస్తుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. ఆ 8 నిమిషాల కోసం కోవూరు నుంచి, బుచ్చి నుంచి బైకు మీద ముగ్గురేసి వస్తారు. టీ తాగి కొందరు, ఏమీ తినకుండా కొందరు మొదలుపెడతారు. వాళ్లలో ఎంతమంది గుండెను ఎప్పుడైనా ఒక డాక్టరు విన్నాడు?

పోయిన ఏడాది మా మేనల్లుడు జిల్లా కబడ్డీ సెలక్షన్స్‌కి వెళ్తుంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఒంగోలులో ఒక క్లినిక్‌కి నేనే తీసుకెళ్లాను. ఎత్తు, బరువు అడిగి రాసుకున్నారు. స్టెతస్కోపు డాక్టరు మెడలోనే ఉంది, పిల్లాడి ఛాతీ దాకా రాలేదు. రెండు నిమిషాల్లో సంతకం, స్టాంపు పడ్డాయి. పని తొందరగా అయిపోయిందని ఆ రోజు సంతోషించాను. ఆ కాగితం ఎందుకు పుట్టిందో తర్వాత చదివాను.

ముందు ఒక విషయం విడదీసి చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో ఆత్మకూరు ఎమ్మెల్యే, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే గుండెపోటుతో పోయినప్పుడు నెల్లూరు జిల్లా అంతా జిమ్‌ల గురించి, కసరత్తుల గురించి మాట్లాడుకుంది. సాధారణంగా 35 దాటినవాళ్లలో ఇలాంటి చావులకు పెద్ద కారణం గుండె రక్తనాళాల్లో పూడిక. పదిహేను, ఇరవై ఏళ్ల ఆటగాడు మైదానంలో కూలిపోతే కథ చాలావరకు వేరు. పుట్టుకతోనో వంశంలోనో వచ్చిన లోపం బయటికి కనపడకుండా లోపల ఉంటుంది. గుండె కండరం అతిగా మందమవడం, రక్తనాళం పుట్టాల్సిన చోట కాకుండా పక్కన పుట్టడం, గుండెలో కరెంటు నడక తేడాగా ఉండడం లాంటివి. పరుగు ఆ లోపాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని రేపుతుంది.

కండరం మందమయ్యే జబ్బును 1958లో లండన్‌లో డోనాల్డ్ టియర్ అనే వైద్యుడు వయసులో ఉన్న ఎనిమిది మందిలో గుర్తించి రాశాడు. ఇది 500 మందిలో ఒకరికి ఉండొచ్చని తర్వాత లెక్కగట్టారు. కానీ ఆడబోయే పిల్లలందరినీ ముందే పరీక్షించాలని చట్టం చేసి, గట్టిగా అమలు చేసిన దేశం ఇటలీ. 1982 నుంచి అక్కడ పోటీల్లో ఆడాలంటే ఏటా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఈసీజీ తప్పనిసరి. అది లేకుండా సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేకుండా ఆట లేదు. ఆ దేశంలోని వెనెటో ప్రాంతం లెక్కలు 2006లో వచ్చాయి. 12 నుంచి 35 ఏళ్ల ఆటగాళ్లలో ఏడాదికి లక్షకు 3.6గా ఉన్న హఠాన్మరణాలు 2004 నాటికి 0.4కి దిగాయి. అయినా ఈ పరీక్ష విషయంలో ప్రపంచం రెండుగా చీలింది.

యూరప్ హృద్రోగ వైద్యుల సంఘం 2005లోనే ఈసీజీ వైపు నిలబడింది. అమెరికా హార్ట్ అసోసియేషన్ 1996 నుంచి చెబుతూ వచ్చింది వేరు: కుటుంబ చరిత్ర అడగండి, ఒళ్లు పరీక్షించండి, అందరికీ ఈసీజీ వద్దు. బాగా సాధన చేసేవాళ్ల గుండె మామూలుగానే కాస్త పెద్దదవుతుంది, ఈసీజీలో అది జబ్బులా కనపడి మంచి ఆటగాడిని అనవసరంగా ఆపేస్తారని వాళ్ల భయం. ఆ భయం ఉత్తదేం కాదు. పైగా పరీక్షతో చావులు తగ్గుతాయన్నది అన్నిచోట్లా తేలలేదు. ఇజ్రాయెల్ 1997లో ఇటలీ బాట పట్టింది. ముందు పన్నెండేళ్లు, తర్వాత పన్నెండేళ్లు పోల్చి చూస్తే చావుల్లో తేడా కనపడలేదు. ఇంగ్లండ్‌లో 20 ఏళ్లలో 11,168 మంది కుర్ర ఫుట్‌బాలర్లకు ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) రెండూ తీశారు. 42 మందిలో ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు బయటపడ్డాయి. అయినా పరీక్ష చేయించుకున్న మొత్తం కుర్రాళ్లలో తర్వాత ఎనిమిది మంది గుండె జబ్బుతో చనిపోయారు, అందులో ఆరుగురి పరీక్ష అంతా బాగుందని వచ్చినదే.

అలాగని పరీక్షే దండగ అనడం నాకు ఒప్పుదల కాదు. ఆ 42 మంది తల్లిదండ్రులను అడిగితే ఏమంటారు? పైగా ఆటగాళ్ల ఈసీజీ ఎలా చదవాలో 2017లో అంతర్జాతీయ నిపుణులు కొత్త ప్రమాణాలు పెట్టాక తప్పుడు అనుమానాలు బాగా తగ్గాయి.

ఇటలీ కూడా పరీక్షతోనే ఊరుకోలేదు. 2012 ఏప్రిల్‌లో పెస్కారా మైదానంలో పియర్‌మారియో మొరోసినీ అనే 25 ఏళ్ల ఫుట్‌బాలర్ ఆడుతూ కూలిపోయాడు. అంబులెన్సు లోపలికి రాకుండా పోలీసు కారు అడ్డుగా ఉంది. అతను బతకలేదు. మరుసటి ఏడాది ఆటల క్లబ్బుల్లో గుండెకు షాకిచ్చే యంత్రం ఉండి తీరాలని నిబంధన తెచ్చారు. 2021లో కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఫుట్‌బాలర్ క్రిస్టియన్ ఎరిక్సన్ ఆడుతూ కూలినప్పుడు అదే యంత్రం, వెంటనే ఛాతీ నొక్కిన చేతులు కలిసి అతన్ని కాపాడాయి. ఛాతీ నొక్కేవాళ్లు లేకపోతే, ఆగిన గుండెకు షాకివ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గిపోతుంది. మన ఊళ్లలో సంక్రాంతి టోర్నమెంట్ జరిగే పొలం గట్టు పక్క మైదానానికి 108 ఎన్ని నిమిషాల్లో వస్తుందో ఎవరికి వాళ్లే లెక్క వేసుకోవచ్చు.

మన రక్తంలోని సంగతి ఇంకొకటి ఉంది. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాల ముక్క లేకపోవడాన్ని మన ఉపఖండంలో దాదాపు నూటికి నలుగురిలో చూపించింది. ఇది ఎక్కువగా పెద్ద వయసులో ఇబ్బంది పెడుతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తే మాత్రం తీవ్రంగా ఉంటుంది. మేనరికాలు ఇంకా ఉన్న ఇళ్లలో ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పుట్టుచెవుడుతో పాటు గుండె కరెంటు లోపం వచ్చే అరుదైన జబ్బూ ఇలాగే రెండు వైపుల నుంచి వస్తుంది. చెవుడున్న బిడ్డ పరిగెత్తినప్పుడో భయపడినప్పుడో పడిపోతే ఫిట్స్ అని మందులు వాడుతూ కూర్చోకుండా ఒకసారి ఈసీజీ తీయించాలి.

ఖర్చు లేని పరీక్ష ప్రశ్నలే. పరిగెత్తేటప్పుడు ఎప్పుడన్నా కళ్లు తిరిగి పడ్డావా? ఛాతీలో పట్టేసినట్టుందా? ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి ఎవరన్నా పోయారా? మూడో ప్రశ్నకు మన ఇళ్లలో జవాబు నేరుగా రాదు. గాలి సోకింది అంటారు, నిద్రలో పోయాడు అంటారు. మా బావని అడిగాను.

"మా ఇంట్లో గుండె జబ్బులేం లేవు," అన్నాడు. కాసేపాగి, "మా చిన్నాన్న ఒకాయన గుండ్లకమ్మలో మునిగిపోయాడులే. ఇరవై రెండేళ్లు. ఈత బాగా వచ్చినోడే, సుడిలో పడ్డాడన్నారు."

ఈత బాగా వచ్చినవాడు నీళ్లలో ఉన్నట్టుండి పోవడం గుండె కరెంటు లోపానికి తెలిసిన గుర్తుల్లో ఒకటి. నిజంగా సుడే కావచ్చు. అయినా పిల్లాడికి ఈసీజీ తీయించాం. ఛాతీ మీద ఆరు, చేతులకు కాళ్లకు నాలుగు అతికించారు. చల్లగా ఉందని వాడు నవ్వాడు. సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున గళ్ల కాగితం బయటికొచ్చింది. ఒక్కో చిన్న గడి 0.04 సెకను. గుండె కొట్టుకుని మళ్లీ సర్దుకోవడానికి ఎంతసేపు పడుతోందో డాక్టరమ్మ పెన్ను మొనతో ఆ గడులు లెక్కపెట్టింది. ఎకో కూడా రాసింది. రెండూ బాగున్నాయి. ఎక్కడైనా కళ్లు తిరిగితే మాత్రం ఆట ఆపి వెంటనే రమ్మంది.

ఈ ఏడాది సర్టిఫికెట్‌కి ఆ ఈసీజీ జిరాక్స్ పిన్ను కొట్టి పంపాం. ఇదెవరూ అడగలేదే అన్నారట పీఈటీ మాస్టారు.